పొరుగు రాష్ట్రమున చదువు - స్వస్థలమున స్థానికత



వేసవిలో పదవ తరగతి ఫలితములు వెలువడిన నాటినుండి మా పట్టిసీమ రేవులో వినవచ్చు మాట యొక్కటే. వీరభద్రస్వామి దర్శనము చేసికొని పడవ దిగినవారును, పడవకొరకు వేచియున్నవారును, "మీ మనుమని నెక్కడ వేయుచున్నారు?" అని యొకరినొకరు అడుగుకొనుచుందురు. ఒకరు హైదరాబాదందురు, ఒకరు బెంగుళూరందురు, మరియొకరు చెన్నపట్టణమందురు. ఏ కళాశాలలో మంచి ర్యాంకులు వచ్చినవి, వసతిగృహమున కెంత, భోజనమెట్లుండును, ఆదివారమునాడు పిల్లవానితో మాటలాడనిత్తురా అని అన్నియు విచారింతురు. ముప్పది యేండ్లకు పైగా బడిపంతులుగా నుండి అట్టి పిల్లలకు టీసీలు వ్రాసి యిచ్చినవాడను. ఒక్క ప్రశ్న మాత్రము ఎవరును అడుగగా నేను వినలేదు. "అక్కడ చదివిన తరువాత వీడు ఇక్కడివాడుగా లెక్కకు వచ్చునా?" అనునదే ఆ ప్రశ్న. నేటి నా ప్రసంగము దానిని గురించియే.

ఈ ప్రశ్న విని మీలో కొందరు నవ్వవచ్చును. "ఇల్లిక్కడ, పొలమిక్కడ, రేషను కార్డు ఇక్కడ, వోటిక్కడ. తాతముత్తాతల నాటినుండి ఈ గోదావరి నీరు త్రాగినవారము. రెండేండ్లు పిల్లవాడు ఎక్కడనో చదివినంతమాత్రమున పరాయివా డగునా?" అని మీ రనవచ్చును. లోకన్యాయమున మీ మాట సరియైనదే. కాని కళాశాల ప్రవేశమునకు మన రాష్ట్రములలో నున్న కొలబద్ద వేరు. అది ఇంటిని చూడదు, పొలమును చూడదు. మొట్టమొదట బడి హాజరుపట్టీని చూచును. ఈ యొక్క సంగతి మనస్సున నాటుకొన్నచో, నేను చెప్పబోవు తక్కినదంతయు దానికి వివరణమే.

మొదట మూడు మాటలను వేరుచేసి చూడవలెను. జన్మస్థలమొకటి, నివాసము రెండవది, స్థానికత మూడవది. పుట్టినచోటును బట్టి పౌరుల నడుమ భేదము చూపరాదని మన రాజ్యాంగము చెప్పుచున్నది. నివాసమును బట్టి భేదము చూపవచ్చునా యను ప్రశ్న 1955లోనే సుప్రీంకోర్టునకు వచ్చినది. ఇందూరు నగరమున మహాత్మాగాంధీ వైద్యకళాశాల కలదు. ఆ నాటి మధ్యభారత రాష్ట్రమువారు తమ నివాసులకు మినహాయించి, పైవారివద్ద మాత్రము అదనపు రుసుము పుచ్చుకొనుచుండిరి. ఢిల్లీనుండి వచ్చిన యొక విద్యార్థి ఇది అన్యాయమని వాదించెను. పుట్టుక వేరు, నివాసము వేరు. రాష్ట్రము తన ధనముతో నడుపు కళాశాలలో తనయందు నివసించువారికి సాయము చేయుట తప్పుకాదని న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు తీర్పు చెప్పిరి. తరువాత 1984లో వైద్యవిద్యను గూర్చిన మరియొక తీర్పునందు, భారతీయునికి శాశ్వతవాస మనునది దేశమంతటికిని ఒక్కటే యనియు, అయినను మొదటి వైద్యపట్టమునకు కొన్ని సీట్లు ఆ చోటివారికి ఉంచుకొనుట సమ్మతమే యనియు ఆ కోర్టే చెప్పినది. కనుక స్థానికులకు సీట్లు ఉంచుట ధర్మబద్ధమే. స్థానికుడెవడను దానిని నిర్ణయించుటలోనే చిక్కంతయు నున్నది.

ఈ చిక్కు మనకొక్కరికే లేదు. మన పిల్లలు వేలకొలదిగా వెళ్లి స్థిరపడిన అమెరికాలోను ఇది కలదు. అచ్చట ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో ఆ రాష్ట్రపు నివాసికి ఒక ఫీజు, పై రాష్ట్రమువానికి అంతకు చాల ఎక్కువ ఫీజు ఉండుట సామాన్యము. నివాసి యనిపించుకొనుటకు చాల రాష్ట్రములలో ఒక సంవత్సరము కాపురముండవలెను. అయితే కేవలము చదువుకొరకు వచ్చి యున్న కాలము లెక్కకు రాదు. అట్లే తలిదండ్రులు టెక్సాసులో నుండగా, పిల్లవాడు కాలిఫోర్నియాలో చదివి వచ్చినచో, అచ్చట క్రొత్త కాపురము పెట్టనంతవరకు సాధారణముగా వాడు టెక్సాసు వాడే. చదువుకొరకు పోవుట తాత్కాలికపు ఎడబాటని వారి భావము. ఇల్లెక్కడ, తిరిగివచ్చు తలంపెక్కడ అని వారు చూతురు. మన పద్ధతి దీనికి తలక్రిందు. చదువు ఎక్కడనో, స్థానికత అక్కడనే. అమెరికాలోనున్న బంధువులు చెప్పిన న్యాయము ఇచ్చట చెల్లునని తలచి మోసపోవద్దని దీనిని చెప్పుచున్నాను.

మనకిట్లు ఏల ఏర్పడినది? దీని వెనుక పెద్ద కథ కలదు. నిజాము ప్రభుత్వము 1919లో ముల్కీ నిబంధనలను ఏర్పరచినది. పదునైదేండ్లు హైదరాబాదు సంస్థానమున నివసించినవారికే ఉద్యోగములని వాని సారాంశము. ఆంధ్రప్రదేశము 1956లో ఏర్పడిన తరువాతను వీనిపై తగవు సాగినది. అవి చెల్లునని 1972 అక్టోబరు 3వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, కోస్తా రాయలసీమలలో జై ఆంధ్ర ఉద్యమము రేగినది. ఆ రోజులు మీలో పలువురికి గుర్తుండును. తుదకు 1973 సెప్టెంబరు 21వ తేదీన ఆరు సూత్రముల ఒడంబడిక కుదిరినది. రాజ్యాంగమున 371-డి అను అధికరణము చేరినది. దాని ననుసరించి 1974 జూలై 1వ తేదీన విద్యాసంస్థల ప్రవేశములను గూర్చి రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడినది. నేటికిని మన పిల్లల స్థానికతకు మూలము ఆ ఉత్తర్వే.

ఆ ఉత్తర్వు ఉమ్మడి రాష్ట్రమును మూడు ప్రాంతములుగా విభజించినది. కోస్తాలో నెల్లూరు తప్ప తక్కిన జిల్లాలు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతము. రాయలసీమయు నెల్లూరును శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతము. తెలంగాణము ఉస్మానియా ప్రాంతము. ప్రతి ప్రాంతమునను నూటికి 85 సీట్లు ఆ ప్రాంతపు స్థానికులకు, తక్కిన 15 అరక్షితము. మా పట్టిసీమ నాడు పశ్చిమగోదావరి జిల్లాలోనిది. 2022 నుండి ఏలూరు జిల్లాలోనిది. జిల్లా మారినను ప్రాంతము మారలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతమే.

ఇక స్థానికుడెవడు? మొదటి సూత్రము నాలుగేండ్లది. అర్హతపరీక్ష మొదటిసారి వ్రాసిన విద్యాసంవత్సరముతో ముగియునట్లు, ఎడతెగక నాలుగు విద్యాసంవత్సరములు ఏ ప్రాంతమున చదివెనో, ఆ ప్రాంతమునకు వాడు స్థానికుడు. ఇంజనీరింగునకుగాని వైద్యమునకుగాని అర్హతపరీక్ష ఇంటర్మీడియేటు. కాబట్టి తొమ్మిది, పది, ఇంటరు మొదటి సంవత్సరము, రెండవ సంవత్సరము, ఈ నాలుగును వ్రేళ్లపై లెక్కించుకొనవలెను. పోలవరమున పది చదివి, రాజమహేంద్రవరముననో, కాకినాడలోనో, విజయవాడలోనో, విశాఖపట్టణముననో ఇంటరు చదివినచో చిక్కు లేదు. అన్నియు ఒకే ప్రాంతములోనివి. బడికి పోక ఇంటివద్ద చదివి పరీక్షకు కట్టినవానికి మాత్రము ఆ నాలుగేండ్ల నివాసమును చూతురు.

రెండవ సూత్రము ఏడేండ్లది. నాలుగేండ్ల సూత్రమున ఏ ప్రాంతమునకును చెందనివాడు, ఆ పరీక్షతో ముగియునట్లు ఏడు సంవత్సరములు ఎడతెగక రాష్ట్రములోనే చదివియుండినచో, ఆ యేడింటిలో ఎక్కువకాలము చదివిన ప్రాంతమునకు స్థానికుడగును. రెండుచోట్ల సమానమైనచో చివర చదివినచోటు వాడగును. ఆరునుండి పదివరకు మా యూర చదివి ఇంటరు తిరుపతిలో చదివిన పిల్ల కిట్లు ఐదేండ్లు ఇక్కడ, రెండేండ్లు అక్కడ. కనుక ఆమె మన ప్రాంతముదే. కాని ఎనిమిదితో ఇల్లు విడిచి నాలుగేండ్లును తిరుపతిలో చదివినచో, ఆమె శ్రీ వేంకటేశ్వర ప్రాంతపు స్థానికురాలే.

ఉమ్మడి రాష్ట్రమున్నంతకాలము హైదరాబాదునకు ఇంటరుకై పోయినవారికిని ఈ యేడేండ్ల సూత్రమే అండగా నిలిచినది. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము రెండైనను, పదేండ్లకు మించకుండ పాత ప్రవేశపద్ధతియే సాగవలెనని విభజన చట్టము చెప్పినందున, ఆ గొడుగు కొంతకాలము నిలిచియుండెను. 2024 జూన్ 2వ తేదీతో ఆ గడువు ముగిసినది. ఇప్పుడు "రాష్ట్రములో ఏడేండ్లు" అన్నచో మనకు ఆంధ్రప్రదేశములో ఏడేండ్లే. చివరి రెండేండ్లు హైదరాబాదున నున్నచో, సూత్రపు అక్షరమును బట్టి ఆ గొలుసు తెగినట్లే. అన్నలు, అక్కలు హైదరాబాదున చదివి వచ్చి ఇచ్చట సీట్లు పొందిరి గదా యని తమ్ములను పంపువారు ఈ మార్పును గమనింపవలెను.

అక్కడివా రయినను చేర్చుకొందురా? అదియు లేదు. వైద్యవిద్యకు పండ్రెండవ తరగతితో ముగియునట్లు నాలుగేండ్లు తెలంగాణములోనే చదివినవారే స్థానికులని అక్కడి ప్రభుత్వము 2024 జూలైలో నియమము చేసినది. తెలంగాణములో శాశ్వతముగా నివసించు కుటుంబముల పిల్లలే, బయట ఇంటరు చదివినందున స్థానికత పోయినదని కోర్టు కెక్కిరి. హైకోర్టు వారిపట్ల కనికరించినది. కాని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1వ తేదీన ఆ తీర్పును కొట్టివేసి నియమమునే నిలిపినది. ఉద్యోగరీత్యా బయటికి బదిలీ యగు ప్రభుత్వోద్యోగులు మున్నగువారి పిల్లలకు మాత్రము వెసులుబాటు కలిగినది. ఇల్లున్నది గదా యను వాదము ఎంత పెద్ద కోర్టులోను గట్టెక్కలేదని దీనివలన తెలియుచున్నది.

మాకు ఎగువనున్న కుక్కునూరు, వేలేరుపాడు మండలములవారి సంగతి ఇంకను సున్నితమైనది. 2014వరకు అవి ఖమ్మము జిల్లాలోనివి, ఉస్మానియా ప్రాంతములోనివి. ఆ యేటనే అవి మన రాష్ట్రమున కలిసినవి. వారికి అలవాటైన భద్రాచలపు పట్టణము మాత్రము తెలంగాణములో నిలిచినది. ఆ భద్రాచలమే 1959వరకు తూర్పుగోదావరి జిల్లాలో నుండెను! అటువంటి సరిహద్దు గ్రామములనుండి పిల్లవాడు దగ్గరి బడియని భద్రాచలమునకో అశ్వారావుపేటకో పోయినచో, తాను పొరుగూరికి పోయితిననుకొనును. లెక్కలో పొరుగు రాష్ట్రమునకు పోయినట్లు.

పట్టిసీమవారికి తెలిసిన పోలిక యొకటి చెప్పెదను. 2015 నుండి మా యూరివద్ద గోదావరి నీటిని ఎత్తి పోలవరము కుడికాలువలో వదలుచున్నారు. అది కృష్ణలో కలిసిన పిదప, అక్కడి రైతు దానిని ఏ కొండలలో పుట్టితివని అడుగడు. ఏ కాలువన వచ్చితివని చూచును. స్థానికత సూత్రమును అట్టిదే. ఎక్కడ పుట్టితివని కాదు, చివరి నాలుగేండ్లు ఏ కాలువన పారితివని అడుగును.

ఇప్పుడు నా తప్పిద మొకటి చెప్పుకొందును. మా యూర నొక రైతుగారి మనుమడు పుట్టినది మొదలు తాతగారివద్దనే పెరిగి, ఎనిమిదవ తరగతివరకు మా బడిలో చదివెను. తండ్రి బెంగుళూరున ఉద్యోగి. తొమ్మిదిలో పిల్లవానిని అక్కడికి తీసికొనిపోయిరి. టీసీ వ్రాసినవాడను నేనే. ఆశీర్వదించితిని గాని ఒక్క మాట హెచ్చరింపనైతిని. నాలుగేండ్ల తరువాత వైద్యవిద్యకు మంచి ర్యాంకు తెచ్చుకొని వచ్చెను. పత్రముల పరిశీలనలో తాతగారు పట్టాదారు పాసుపుస్తకము, రేషను కార్డు బల్లపై పెట్టిరి. వారు చదువు సర్టిఫికేట్లు అడిగిరి. నాలుగును కర్ణాటకమువి. 85 పాలలో చోటు లేకపోయెను. కర్ణాటకమున చూతమన్నచో, అచ్చట సామాన్యముగా ఏడేండ్ల చదువు కావలెను, వీనికి నాలుగే. రెంటికి చెడిన రేవడి యయ్యెను.

అయినను దారి పూర్తిగా మూసుకొనలేదు. తక్కిన 15 పాలకు ఎవరు అర్హులో ప్రవేశనియమములలో చెప్పబడియున్నది. స్థానికులతోపాటు, బయట చదివిన కాలమును మినహాయించి మొత్తము పదేండ్లు రాష్ట్రమున నివసించిన విద్యార్థియు, బయట ఉద్యోగము చేసిన కాలమును మినహాయించి మొత్తము పదేండ్లు నివసించిన తల్లిగాని తండ్రిగాని గలవాడును అందులకు అర్హులు. రాష్ట్రమునందలి ప్రభుత్వోద్యోగులు మున్నగువారి పిల్లలకును, జీవితభాగస్వాములకును చోటున్నది. మా పిల్లవాడు పదమూడేండ్లు ఇక్కడనే పెరిగినవాడు గదా! కాని ఆ పదేండ్ల నివాసమునకు తహసీల్దారు ఇచ్చు ధ్రువపత్రము ఆ నాడు వారిచేత లేదు. అది తెచ్చునప్పటికి గడువు దాటిపోయెను. మరుసటి యేడు మరల పరీక్ష వ్రాసి, ఆ పత్రముతో పోయి, 15 పాలలో సీటు తెచ్చుకొనెను. ఒక యేడు పోయినది. "ముందుగా ఒక్క మాట చెప్పకపోతివేమి మాస్టారూ?" అని తాతగా రడిగిన మాట నా చెవులలో నేటికిని ఉన్నది. ఆ మాటయే నన్నిట్లు మీముందు మాటలాడించుచున్నది.

ఆ 15 పాలను సులువని తలపవలదు. వానికి స్థానికులును పోటీపడుదురు. ర్యాంకు ఎక్కువ కావలెను. తెలంగాణమువారు 2025 ఫిబ్రవరిలో ఇంజనీరింగు మున్నగు కోర్సులలోని ఆ 15 పాలను తమ రాష్ట్రముతో ఇట్టి సంబంధము గలవారికే పరిమితము చేసిరి. ఆంధ్రమునుండి పోయి అక్కడ పోటీచేయు పాత దారియు ఇట్లు ఇరుకైనది.

ఇంకొక లెక్క వేరుగా నున్నది. తాడేపల్లిగూడెమున 2015లో నెలకొన్న జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో సగము సీట్లు సొంత రాష్ట్రమువారివి. అచ్చట నాలుగేండ్లు చూడరు. పండ్రెండవ తరగతి ఏ రాష్ట్రమున ఉత్తీర్ణుడయ్యెనో అదియే సొంత రాష్ట్రము. హైదరాబాదున ఇంటరు ముగించినచో, మనకు కూతవేటు దూరముననున్న ఆ సంస్థలో వాడు పైవాడు, వరంగల్లులో సొంతవాడు. ఐఐటీలకు మాత్రము రాష్ట్రభేదము లేదు. ప్రభుత్వ వైద్యకళాశాలలలో నూటికి 15 సీట్లు అఖిలభారత కోటాకు పోవును. అందును ఎవరైనను పోటీచేయవచ్చును. పిల్లవాని గురి ఐఐటీయే యైనచో ఎక్కడ చదివినను నష్టము లేదు. గురి తప్పినప్పుడు నిలువవలసిన చోటేదని మాత్రము ఆలోచింపవలెను.

డిగ్రీకి బయటికి పంపువారికిని ఒక మాట. స్థానికత ఒకసారి వచ్చిన యావజ్జీవము ఉండునది కాదు. ప్రతి మెట్టువద్దను మరల లెక్కింతురు. డిగ్రీ తరువాతి చదువులకు డిగ్రీయే అర్హతపరీక్ష. మూడేండ్లు చెన్నపట్టణమున చదివి వచ్చినవానికి నాలుగేండ్ల గొలుసు తెగును. వానికి పదేండ్ల నివాసపు పత్రమే ఆధారము. ఉద్యోగముల స్థానికతకు 1975 నాటి వేరొక ఉత్తర్వు కలదు. దానిని దీనితో కలిపి కలవరపడవలదు.

ఇక చేయవలసినవి. పంపకముందే ఆరునుండి ఇంటరు వరకు ఏ యేడు ఎక్కడ చదివినదియు ఒక కాగితముపై వ్రాసికొనుడు. వీలైనచో ఇంటరు మన ప్రాంతములోనే ముగియునట్లు చూడుడు. విజయవాడ, విశాఖపట్టణములు చదువున తీసిపోయినవి కావు. ప్రతి బడినుండియు విడచునాడే స్టడీ సర్టిఫికేటు పుచ్చుకొనుడు. పదేండ్ల తరువాత ఆ బడి యుండునో లేదో! బయట చదివించినవారు పదేండ్ల నివాసపు పత్రమును దరఖాస్తునకు ముందే సిద్ధము చేసికొనుడు. ఏ యేటి ప్రవేశపు ప్రకటనను ఆ యేడు చదువుడు. నిరుటి నియమము ఈ యేడు మారవచ్చును.

ఇంకొక మాట పంతులుగా చెప్పక తప్పదు. పిల్లవాడు హైదరాబాదున చదువుచుండగా పేరు మాత్రము ఇక్కడి బడి పట్టీలో నిలుపుదుమని చెప్పువారుందురు. ఆ మాట వినవలదు. అది అబద్ధపు పత్రము. బయటపడినచో సీటు పోవును, శిక్షయు కలుగును. అంతకంటె, చదువు తొలినాడే పిల్లవానికి అబద్ధము నేర్పినట్లగును.

పిల్లలను బయటికి పంపవలదని నేననుట లేదు. లోకము చూడనిదే విద్య పండదు. పోవుట వలన వచ్చునదెంతో, పోవునదెంతో తూచి పంపుడనియే నా మనవి. రేపు రేవులో మీ పొరుగువారు "ఎక్కడ వేయుచున్నారు?" అని యడిగినప్పుడు, "నాలుగేండ్లు లెక్కచూచితిరా?" అని మీరొక్క మాట యడుగుడు. ఆ నాడు నేను అడుగవలసి యుండి అడుగని మాట అది.

సెలవు.